డీజిలుబండి ఇంజక్టరు వాషరులు - ఇంటియొద్ద మార్చుకొను విధము

రేడియో ఉన్న ఇంటిలో చెవులకు పని ఎక్కువ. ఏ కేంద్రము తేటగా వినవచ్చుచున్నదో, ఏది గరగరలాడుచున్నదో మనము వెంటనే గుర్తింతుము. అట్టి చెవిని ఇంటిముందు నిలిచియున్న పాత డీజిలుబండివైపు కూడ ఒకమారు త్రిప్పుడని శ్రోతలకు మా మనవి. ఉదయము బండిని స్టార్టు చేసినపుడు, ఇంజనుయొక్క సహజమైన టకటక శబ్దముతోపాటు, కుక్కరు మూత ప్రక్కనుండి ఆవిరి జారునట్లు "చుస్సు, చుస్సు" మను ఊపిరి యొకటి వినబడినచో దానిని తేలికగా తీసికొనరాదు. ఇంజక్టరు అడుగున ఉండు ఒక చిన్న లోహపు బిళ్ల తన పని మానుకొన్నదనుటకు సాధారణముగా అది గుర్తు.

ఆ బిళ్లనే మన మెకానిక్కులు వాషరు అందురు. దాని వెల స్వల్పము. సకాలమున మార్చినచో అది ఒక పూట పని. ఉపేక్షించినచో ఇంజక్టరు తన రంధ్రములో అతుకుకొని పోవుట, దాని అడుగునున్న పీఠము తినివేయబడుట, తుదకు సిలిండరు హెడ్డునే దింపవలసివచ్చుట జరుగును. బండి విలాసవస్తువైన ఇంటిలో ఇది ధననష్టము మాత్రమే. కాని మన పల్లెలలో పాతబండియే పలువురకు జీవనాధారము. సంతకు మనుషులను చేర్చు జీపు పదిదినములు షెడ్డులో నిలిచినచో ఆ పదిదినములు ఇంటికి రాబడి లేదు. అందుచేత ఈ చిన్న బిళ్ల ఏమి చేయుచున్నదో, అది పాడైనట్లు తెలిసికొనుట ఎట్లో, ఇంటియొద్ద దానిని మార్చుకొను పద్ధతి ఏదో, ఎక్కడ మన చేయి నిలిపి పనివానిని పిలువవలెనో, ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

డీజిలు ఇంజనులు అనేకరకములు. అన్నిటికి ఒకే మాట చెప్పిన అది దేనికిని సరిపడదు. కావున ఒక ఇంజనును ఉదాహరణముగా తీసికొందము. అది మెర్సిడిస్ బెంజి సంస్థవారి ఓ.ఎం. 616. నాలుగు సిలిండరులు, 2.4 లీటర్ల ఘనపరిమాణము గల యీ ఇంజను 1973లో 240 డి అను కారుతో వచ్చెను. 1976 మొదలు 1985 వరకు ఆ సంస్థ తయారుచేసిన డబ్ల్యు 123 తరగతి కార్లలో అది లోకమంతట తిరిగినది. మన దేశమునకు దీనితో గట్టి సంబంధము కలదు. పూనా నగరమునందలి బజాజ్ టెంపో సంస్థ, అనగా 2005లో ఫోర్సు మోటార్సు అని పేరు మార్చుకొన్న సంస్థ, లైసెన్సు పొంది దీనినే ఇచ్చట తయారుచేసెను. 1980వ దశకపు చివర వచ్చిన ట్రాక్సు జీపులలో అమర్చినది ఈ ఇంజనునే. రాయలసీమ, తెలంగాణ బాటలలో తుఫాను అను పేరుతో తిరిగిన బండ్ల పాతతరమువారికి ఈ ఇంజను చిరపరిచితము. ఇట్లు జర్మనీ దేశపు టాక్సీకిని, మన సంతబండికిని గుండెకాయ ఒక్కటియే అయినది.

ఇంజక్టరు పని తెలియవలెనన్న డీజిలు ఇంజనుయొక్క స్వభావము కొంత తెలియవలెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును వెలిగించును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. అందువలననే పెట్రోలుబండి ప్లగ్గులు దగ్గరి రేడియోలో పుట్టించు కరకర డీజిలుబండివలన పుట్టదు. ఇందులో గాలిని బలముగా అదిమి, ఆ అదుముటచేతనే దానిని కాలునట్లు వేడిచేసి, అందులోనికి ఇంధనమును చిమ్ముదురు. సైకిలు పంపును నాలుగుసార్లు గట్టిగా కొట్టినపుడు దాని అడుగు వేడెక్కుట మన పిల్లలందరికిని తెలిసిన సంగతియే. ఓ.ఎం. 616లో గాలి 21వ వంతునకు అదుమబడును. అప్పుడు దాని వేడి 600 డిగ్రీల సెంటిగ్రేడును మించును. డీజిలు తనంత తాను అంటుకొనుటకు 250 డిగ్రీల లోపు వేడి చాలును.

జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఈ ఊహకు 1892లో పేటెంటు కోరెను. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఇరువది అశ్వశక్తిగల ఇంజనును జయప్రదముగా నడిపిచూపెను. అతడు ఇంధనమును లోనికి ఊదుటకు అదిమిన గాలిని వాడెడివాడు. అందుకు పెద్ద కంప్రెసరు కావలసియుండెను గనుక ఆ ఇంజను కారులో ఇమిడెడిది కాదు. 1909లో బెంజి కర్మాగారమున ప్రాస్పర్ లోరాంజ్ ముందుగది అను ఏర్పాటునకు పేటెంటు పొందెను. ఇంధనము మొదట ఒక చిన్న గదిలో అంటుకొని, అచ్చటినుండి మంట రంధ్రములగుండ సిలిండరులోనికి దూకును. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ ఇంధనపు పంపులను పెద్దయెత్తున తయారుచేయ మొదలుపెట్టెను. ఈ రెండును కలిసిన ఫలితముగా 1936లో మెర్సిడిస్ 260 డి అను డీజిలుకారు అమ్మకమునకు వచ్చెను. మనము చెప్పుకొను ఓ.ఎం. 616 కూడ ఆ ముందుగది వంశములోనిదే.

ఇంజక్టరు చూచుటకు బొటనవ్రేలంత లావుగల ఉక్కుకడ్డీ. దాని కొనయందు నాజిలు, నాజిలులో సూది, సూదిపైన స్ప్రింగు ఉండును. పంపునుండి ఉక్కుగొట్టముద్వారా వచ్చు ఇంధనము స్ప్రింగును గెలిచి సూదిని లేపినపుడు నాజిలు సన్నని తుంపరను చిమ్మును. ఈ ఇంజనులో కొత్త నాజిలు తెరచుకొనుటకు సుమారు 115 బారుల ఒత్తిడి కావలెను. కారు టైరులోని గాలి ఒత్తిడి సుమారు 2 బారులని గుర్తుంచుకొనినచో దీని బలము తెలియును. నాజిలునకును ముందుగదికిని నడుమ కూర్చుండునదే మన వాషరు. దానికి రెండు పనులు కలవు. గదిలోని మంటవాయువు ఇంజక్టరు ప్రక్కనుండి పైకి రాకుండ అడ్డుకొనుట మొదటిది. నాజిలు ముఖమునకు మంట నేరుగా తగులకుండ కాపాడుట రెండవది. అందుచేతనే కొందరు దీనిని ఉష్ణకవచమందురు. ఈ ఇంజనులో అది ఉక్కురేకుతో మలచిన బిళ్ల. అనేక ఇతర ఇంజనులలో రాగి బిళ్ల.

ఈ బిళ్ల బిగింపునకు నలిగి, తన పైనున్న ముఖమునకును క్రిందనున్న పీఠమునకును హత్తుకొనును. ఆ నలుగుటలోనే దాని పనితనమంతయు ఉన్నది. ఒకమారు నలిగినది రెండవమారు అదేచోట అదేవిధముగా నలుగదు. కావున ఇంజక్టరును ఊడదీసిన ప్రతిసారియు కొత్తబిళ్ల వేయవలెను. రాగి బిళ్లను ఎర్రగా కాల్చి మెత్తపరచి మరల వాడుట కొన్ని షెడ్లలో కలదు. కాల్చిన రాగి మెత్తబడుననుట నిజమే, కంచరివారందరును ఎరిగిన సంగతియే. కాని నలిగి పలుచబడిన రాగి కాల్చినంతమాత్రమున తిరిగి మందము పొందదు. మందము తగ్గినచో నాజిలు కొన గదిలోనికి మరింత దిగును. తుంపర పడవలసినచోట పడదు. కొలది రూపాయలకు ఆశపడి చేయదగిన పని కాదు.

ఇక కారుటలు రెండు విధములు. వీనిని వేరుగా గుర్తించుట ముఖ్యము. మొదటిది ఇంధనపు కారుట. ఇంజక్టరులో సూదిప్రక్కనుండి మిగిలిపోయిన కొద్దిపాటి డీజిలు తిరిగి పోవుటకు ఒక ఇంజక్టరునుండి మరియొకదానికి సన్నని రబ్బరుగొట్టములు ఉండును. వాని పైని నూలు అల్లిక ఉండును. వేడికి అవి ఎండి బీటలువారినచో ఇంజక్టరు చుట్టు తడి చేరును, డీజిలువాసన వచ్చును. ఇది వాషరు తప్పు కాదు. ఆ గొట్టములను మాత్రము మార్చిన చాలును. ఓ.ఎం. 616లో వాని లోవ్యాసము 3.2 మిల్లీమీటర్లు. మీటరుచొప్పున కొని ముక్కలుగా కోసికొనవచ్చును. చివరి ఇంజక్టరుమీది ఖాళీకొసకు ఉండు మూతను మార్చుట పలువురు మరచిపోదురు. తడి అచ్చటినుండియే వచ్చుచుండును. రెండవది వాయువు కారుట. ఇది వాషరునకు సంబంధించినది. ఇందు తడికంటె మసి ఎక్కువ. ఇంజక్టరు మొదట నల్లని, గట్టి, తారువంటి పెచ్చు ఏర్పడును. బండిలోపల పొగవాసన కొట్టును. ఉదయమున ఇంజను అందుకొనుటకు ఆలసించును, అందుకొన్నపిదప కొంతసేపు కుంటుచుండును.

శబ్దమును మాత్రమే నమ్మి ఇంజక్టరును ఊడదీయరాదు. పొగగొట్టపు గాస్కెట్టు పోయినను, వేడిప్లగ్గు మరల దగ్గర వాయువు కారినను ఇట్టి ఊపిరియే వినబడును. పరీక్ష సులభము. ఇంజక్టరు చుట్టునున్న మసిని గీకి తుడిచి, ఇంజను చల్లగా ఉండగనే స్టార్టుచేసి నెమ్మదిగా తిరుగనిచ్చి, సబ్బునీళ్లనో, చిక్కని కుంకుడురసమునో నాలుగు చుక్కలు ఇంజక్టరు మొదట వేయవలెను. బుడగలు లేచి పగులుచుండినచో వాషరు కారుచున్నదని నిశ్చయింపవచ్చును. నాలుగింటికిని వరుసగా ఇట్లు చేసినచో దోషి ఎవరో తేలును. బుడగలు లేవనిచో వేడిప్లగ్గులయొద్దను, పొగగొట్టపు అతుకులయొద్దను వెదకవలెను. ఈ అయిదునిమిషముల పరీక్ష చేయకయే "హెడ్డు దింపవలెను" అని తీర్పుచెప్పువారు కొందరు కలరు. బండి యజమాని ఈ పరీక్ష ఎరిగియుండుట అతని సంచికి రక్ష.

ఒక్క బిళ్ల కారినను నాలుగింటిని మార్చుట మంచిది. అన్నియు ఒకేనాడు వేసినవి, ఒకే వేడిని అనుభవించినవి. మిగిలిన మూడింటికిని కాలము దగ్గరపడియే ఉండును. కావలసిన సామగ్రి ఇది: ఇంజను నెంబరు చూపి కొన్న నాలుగు కొత్త వాషరులు, తిరుగుగొట్టమునకు కొత్త రబ్బరు, 14 మిల్లీమీటర్ల పానా, 27 మిల్లీమీటర్ల లోతుగల సాకెట్టు, బలము కొలిచి బిగించు టార్కు రెంచి, పోగులు రాలని శుభ్రమైన గుడ్డలు, తుప్పు వదల్చు నూనె, కంటి అద్దములు, చేతితొడుగులు. లోతు సాకెట్టు లేకుండ మామూలు పానాతో ఇంజక్టరును పట్టుటకు ప్రయత్నింపరాదు. అది జారి తిరుగుగొట్టపు ముక్కును విరుచును, లేదా ఇంజక్టరు నడుమ అతుకును విప్పును.

పనికి ముందురాత్రియే ప్రతి ఇంజక్టరు మొదటను తుప్పునూనె పోసి నానబెట్టవలెను. ఉదయమున ఇంజను చల్లగా ఉండగా, బండిని చదునుచోట నిలిపి, చేతిబ్రేకు వేసి, గేరును న్యూట్రలులో ఉంచి, బ్యాటరీ నెగెటివు తీగ తీయవలెను. తరువాత ఇంజనుపైని దుమ్ము, ఇసుక, మసి పూర్తిగా తుడువవలెను. ఈ పనిలో దుమ్మే ప్రధానశత్రువు. నాజిలులోని సూదికిని దాని గొట్టమునకును గల సందు తలవెంట్రుకకంటె ఎంతో సన్నము. ఒక ఇసుకరేణువు లోనికి పోయినచో సూది పట్టుకొనును, మార్చిన వాషరుల ఫలితము దక్కదు.

మొదట ఉక్కుగొట్టములను తీయవలెను. ఇంజక్టరువైపు నట్టు విప్పి, పంపువైపు నట్టును గూడ వదులుచేయవలెను. పంపువైపు విప్పునపుడు నట్టు క్రిందనున్న హోల్డరు తానును తిరుగకుండ చూచుకొనవలెను. గొట్టములను వంచరాదు. వాని పొడవు, వంపు లెక్కప్రకారము నిర్ణయించినవి. తీసినవెంటనే గొట్టముల కొసలకు, పంపు నోళ్లకు, ఇంజక్టరు నోళ్లకు శుభ్రమైన ప్లాస్టికు ముక్కలు చుట్టి రబ్బరుబ్యాండు వేయవలెను. తిరుగుగొట్టములను కత్తితో నిలువున చీల్చి తీయవచ్చును; ఎట్లును కొత్తవి వేయుచున్నాము గదా.

పిదప లోతు సాకెట్టును నిలువుగా దించి ఇంజక్టరును నెమ్మదిగా ఎడమకు త్రిప్పవలెను. ఒక చిటుకుమను చప్పుడుతో అది వదలుట సహజము. వదలనిచో మరికొంత నూనె పోసి, కొంచెము బిగించి కొంచెము వదల్చి, ఓపికతో కదల్పవలెను. పొడవైన గొట్టమును రెంచికి తగిలించి పెనుబలము చూపుట కూడదు. హెడ్డులోని మరలు పోయినచో ఇంటిపని కాస్త కర్మాగారపు పని అగును. పైకి వచ్చిన ప్రతి ఇంజక్టరునకును సిలిండరు అంకెను కట్టి వరుసగా పెట్టవలెను.

ఇప్పుడు పాతవాషరులను లెక్కింపవలెను. కొన్ని ఇంజక్టరుతోపాటు పైకి వచ్చును. కొన్ని రంధ్రపు అడుగున మసితో అతుకుకొని నిలిచిపోవును. నాలుగును చేతికి వచ్చువరకు ముందుకు సాగరాదు. పాతదాని మీదనే కొత్తది వేయుట ఈ పనిలో తరచుగా జరుగు పొరపాటు. రెండు బిళ్లలు ఒకదానిపై ఒకటి కూర్చుండినచో ఒత్తిడి నిలువదు, ఇంజక్టరు సరియైన లోతునకు దిగదు. అడుగున నిలిచినదానిని కొన వంచిన గట్టి తీగతో మెల్లగా కదల్చి తీయవలెను. తీయునపుడే ఏ ముఖము పైకి ఉన్నదో చూచి గుర్తు వ్రాసికొనవలెను. ఈ బిళ్ల రెండువైపుల ఒకే ఆకారము గలది కాదు. తలక్రిందుగా వేసినచో అతుకదు.

పీఠమును శుభ్రముచేయుటలో తొందర పనికిరాదు. గుడ్డకు కొంచెము గ్రీజు రాచి అడుగు రంధ్రమును మూయవలెను. రాలిన మసి ఆ గ్రీజునకు అంటుకొనును. కర్రపుల్లకు గుడ్డ చుట్టి, డీజిలులో తడిపి, పీఠము లోహకాంతి కనబడువరకు త్రిప్పి తుడువవలెను. గరుకు కాగితమును, ఉలిని వాడరాదు. పీఠముపై ఒక గీత పడినచో అదియే రేపటి కారుటకు కాలువ. పనియైన పిదప గుడ్డను తీసి, బ్యాటరీ తీగ తగిలించి, పంపుమీది ఆపుమీటను లాగి పట్టి, స్టార్టరుతో ఇంజనును రెండుమూడు చుట్లు త్రిప్పవలెను. లోనపడిన మసి బయటికి చిమ్మును. ఆ సమయమున ఎవ్వరును ఇంజనుపైకి వంగి చూడరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను.

ఇంజక్టరులు బయట ఉన్న ఈ సమయముననే వానిని పరీక్షింపజేయుట లాభము. విజయవాడ ఆటోనగరులోనే కాక ప్రతి పెద్దపట్టణమునను డీజిలుపంపులు బాగుచేయు షాపులు కలవు. అచ్చట చేతిపంపుతో ఒత్తిడి పెట్టి నాజిలు ఎన్ని బారులకు తెరచుకొనుచున్నదో, తుంపర పొగవలె వచ్చుచున్నదో, చుక్కలుగా కారుచున్నదో చూపుదురు. అరిగిన నాజిలు ఈ ఇంజనులో 100 బారులకంటె తక్కువకు తెరచుకొనినచో సరిచేయవలెను. నాలుగును ఒకదానికొకటి సమీపముగా ఉండుట గూడ అవసరము. ఇంటియొద్ద నాజిలు కొనను తీగబ్రష్షుతో రుద్దరాదు. ఆ తుంపరక్రింద చేయి పెట్టరాదు. ఈ మాటను మరల చెప్పుదుము.

తిరిగి బిగించుట ఇట్లు. కొత్తవాషరును సరియైన ముఖము పైకి ఉండునట్లు నేరుగా పీఠముపై దింపవలెను. ఇంజక్టరు మరలకు కొద్దిగా వేడికి నిలుచు గ్రీజు రాయవచ్చును, కొనకు అంటరాదు. మొదటి నాలుగు చుట్లు వ్రేళ్లతోనే త్రిప్పవలెను. వ్రేళ్లకు లొంగనిచో మరలు వంకరపడినవని అర్థము. వెనుకకు తీసి మరల మొదలుపెట్టవలెను. చివరి బిగింపు టార్కు రెంచితో 70 నుండి 80 న్యూటన్ మీటర్లు. ఒక మీటరు పొడవుగల కడ్డీ చివర ఏడు లేక ఎనిమిది కిలోల బరువు వ్రేలాడినట్లని ఊహించుకొనవచ్చును. తక్కువైన వాయువు కారును. ఎక్కువైన నాజిలు ఒత్తుకొనిపోయి సూది బిగుసుకొనును. కావున "చేతి అందాజా" ఇక్కడ చాలదు. ఉక్కుగొట్టముల నట్లను రెండువైపుల వ్రేళ్లతో ఎక్కించిన పిదపనే పానా పట్టవలెను. వీనికి కావలసిన బలము ఇంజక్టరుకంటె చాల తక్కువ.

గొట్టములలో గాలి చేరియుండును. గాలి అణగును గనుక పంపు త్రోసినను నాజిలు తెరచుకొనదు. దానిని వెడలగొట్టుటకు చేతిపంపును బిగువు తగులువరకు కొట్టవలెను. తరువాత ఇంజక్టరులవైపు నట్లను ఒక్కొక్క చుట్టు వదులుచేసి, వానిపై గుడ్డకప్పి, స్టార్టరును పది పదునైదు సెకనులు మాత్రము త్రిప్పి విరామమియ్యవలెను. మొదట నురుగు, పిదప గట్టిధార వచ్చును. ధార వచ్చినదానిని వచ్చినట్లే బిగించుచు పోవలెను. అంతట వేడిప్లగ్గులు వెలిగించి స్టార్టుచేసినచో ఇంజను కొంత తడబడి పిదప నిలకడగా నడచును. మరల సబ్బునీటి పరీక్ష చేయవలెను. బుడగలు లేకుండుటయే మన పనికి యోగ్యతాపత్రము.

ఇక జాగ్రత్తలలో తలమానికమైనది. ఇంజను నడుచుచుండగా సన్నని ఇంధనపుధార ఎక్కడ కారుచున్నదో చేతితో తడిమి చూడరాదు. అట్టి ధార చర్మమును సూదివలె గ్రుచ్చి లోనికి పోగలదు. పైకి చీమ కుట్టినంత గాయము కనబడును, మొదట నొప్పియు ఉండకపోవచ్చును. కాని లోన డీజిలు కండరముల నడుమ ప్రాకి వాటిని చంపును. ఆలసించినచో వ్రేలు, చేయి గూడ కోల్పోవుదురు. అట్లు జరిగినచో ఇంటివైద్యము చేయక, గాయము చిన్నదని ఊరకుండక, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పోయి "ఒత్తిడిగల డీజిలు లోనికి పోయినది" అని స్పష్టముగా చెప్పవలెను. కారుటను చూచుటకు అట్టముక్కను దూరమునుండి పెట్టిన చాలును. డీజిలుగుడ్డలను పొయ్యిదగ్గర పెట్టుట, మిగిలిన డీజిలును కాలువలో పోయుట కూడ తగనివి.

ఇంతవరకు చెప్పినది పాతరకపు ఇంజనునకు. కొత్తతరపు కామన్ రైలు ఇంజనుల సంగతి వేరు. వీనిలో ఇంధనము ఎల్లప్పుడును ఒక ఉక్కునాళములో పెనుఒత్తిడితో సిద్ధముగా ఉండును, విద్యుత్తు ఇంజక్టరును తెరచును. 1997లో ఇటలీ, జర్మనీ కార్లతో ఈ పద్ధతి మొదలయినది. మన దేశమున 2007లో వచ్చిన మారుతి స్విఫ్టు డీజిలులోని 1248 ఘనసెంటీమీటర్ల ఇంజను ఈ జాతిదే. 2020లో ఆ సంస్థ డీజిలుకార్లు మానినను, పాతవి నేటికిని వేలకొలది ఇండ్లముందు ఉన్నవి. వీనిలో ఒత్తిడి 115 బారులు కాదు, 1400 బారులవరకు పోవును. నడుచు ఇంజనులో గొట్టపునట్టును వదులుచేయుట పాతబండిలో మెకానిక్కులు చేయు పరీక్ష. ఇక్కడ అది ప్రాణాపాయము. ఇంజను ఆపి, ఒత్తిడి దిగువరకు వేచి, తయారీదారుల పుస్తకము చెప్పినట్లు మాత్రమే విప్పవలెను.

ఈ ఇంజనులలో ఇంజక్టరు సాధారణముగా మరలతో దిగదు. ఒక క్లాంపు, ఒక సన్నని బోల్టు దానిని రాగి వాషరుపై అదిమి పట్టును. బోల్టు అనేక ఇంజనులలో ఒకమారే వాడదగినది. అది సాగుటచేతనే బిగువు నిలుచును. ఆనాటి మెర్సిడిస్ సి.డి.ఐ. ఇంజనులలో దానిని 7 న్యూటన్ మీటర్లకు బిగించి, పిదప 90 డిగ్రీలచొప్పున రెండుమారులు త్రిప్పవలెనని నియమము. వాషరు మందము కూడ ఇంజనుకు తగినదే కావలెను. ఒక్కొక్క ఇంజక్టరునకు ఒక సంకేతసంఖ్య ఉండి కంప్యూటరులో దాని సిలిండరుపేర నమోదై ఉండును గనుక, వానిని తారుమారు చేయరాదు.

ఇట్టి ఇంజనులలో కారుటను ఉపేక్షించిన ఫలితము మరింత కఠినము. మసి ఇంజక్టరు చుట్టు తారువలె కరగి గట్టిపడి దానిని హెడ్డులో సమాధిచేయును. ఫ్రాన్సు దేశపు 1.6 లీటర్ల డీజిలు ఇంజనులలో ఈ కారుటవలన మసి ఇంజనాయిలులో చేరి, టర్బోకు నూనె పోవు జల్లెడను మూసి, టర్బోను పాడుచేయుట పేరుమోసిన సంగతి. శబ్దము చిన్నదే, వెనుకనున్న ఖర్చు పెద్దది.

ఎక్కడ ఆగవలెనో తెలియుట కూడ నేర్పే. రాత్రి నానినను ఇంజక్టరు కదలనిచో, మరలు రాలినట్లు తోచినచో, పీఠముపై గుంటలు కనబడినచో, టార్కు రెంచి దొరకనిచో, పనిని అక్కడే నిలిపి తగిన పనిముట్లుగల షెడ్డునకు అప్పగింపవలెను. పీఠమును సమముగా కోయుటకు ప్రత్యేకమైన కట్టరు కలదు; లాగుటకు పుల్లరు కలదు. అవి ఉన్నవాని చేతిలో అరపూట పని, లేనివాని చేతిలో హెడ్డునకు చేటు.

పని ముగిసినపిదప నూరు కిలోమీటర్లు తిరిగి, ఇంజను చల్లారినవెనుక, ఇంజక్టరుల మొదళ్లను ఒకమారు శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డ తెల్లగా వచ్చినచో నిశ్చింత. బండి పుస్తకమున తేదీని, మీటరు చూపిన కిలోమీటర్లను, వేసిన వాషరుల రకమును వ్రాసిపెట్టుట మంచిది. రేపు మరియొకరు ఆ ఇంజనుపై చేయి వేసినపుడు ఆ రెండు పంక్తులు వారికి దారి చూపును.